విసిరే ఈటె, విడవని కర్ర

1878లో బ్రిటిష్ ప్రభుత్వం మన దేశానికి ఆయుధాల చట్టం తెచ్చింది. తుపాకులు, ఫిరంగులతో ఊరుకోకుండా కత్తినీ, బాకునీ, విల్లంబులనీ, బల్లేన్నీ, చివరికి కర్రకు తొడగని వట్టి బల్లెం మొననీ కూడా ఆయుధాల లెక్కలో కలిపేసింది. లైసెన్సు లేనివాడు బల్లెం పట్టుకుని వీధిలోకి రావడం ఆ చట్టం ప్రకారం నేరం. ఆ తర్వాత రెండేళ్ళకి, 1880 ఫిబ్రవరి 22న, స్వీడన్‌లోని రేవుపట్నం గోథెన్‌బర్గ్‌లో ఎరిక్ లెమ్మింగ్ పుట్టాడు. పెరిగి పెద్దవాడై అదే బల్లేన్ని మైదానంలో విసిరి తన కాలంలో లోకంలోనే మొదటివాడు అనిపించుకున్నాడు. వృత్తి చూస్తే పోలీసు ఉద్యోగం. ఒక దేశంలో పోలీసులు జప్తు చేసే వస్తువు ఇంకో దేశంలో పోలీసు చేతికి పతకం తెచ్చిపెట్టింది. ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్ళలో తెలుగునాట పేరుమోసిన జావెలిన్ వీరుడు ఎందుకు లేడని అడిగితే, మనవాళ్ళ భుజాల్లో బలం లేక అని మాత్రం చెప్పకూడదు. బలమూ ఉంది, నేర్పూ ఉంది. ఆ నేర్పు మైదానానికి రాలేక గుడి ముందుకు, దసరా ఊరేగింపులోకి వెళ్ళి తలదాచుకుంది. అమలాపురంలో దసరాకు ప్రదర్శించే సాము విద్య చెడీ తాలింఖానాను నేను అలాగే చూస్తాను. దాన్ని వేడుకగా చూసి చప్పట్లు కొట్టి వదిలేస్తున్నాం గానీ, అది నిలవాలంటే కావలసింది చప్పట్లు కాదు, రాత. దాని పట్టు, అడుగు, దెబ్బ, కాపు వివరంగా కాగితం మీదికి ఎక్కాలి. ఈ మాట నిరూపించడానికి లెమ్మింగ్ జీవితం కంటే మంచి సాక్ష్యం నాకు కనబడలేదు.

లెమ్మింగ్ 1899లో, ఇంకా ఇరవై నిండకముందే, 49.32 మీటర్లు విసిరాడు. అప్పటికి అంతకు మించిన దూరం ఎక్కడా నమోదు కాలేదు. మరుసటి ఏడు పారిస్ ఒలింపిక్స్‌కి వెళితే అక్కడ జావెలిన్ పోటీయే లేదు. హైజంప్, పోల్‌వాల్ట్ లాంటి వాటిలో దిగి, పతకం లేకుండానే ఇంటికి వచ్చాడు. 1906లో ఏథెన్స్‌లో జరిగిన క్రీడల్లో ఈటెకు చోటు దొరికింది, 53.90 మీటర్లతో అతనే గెలిచాడు. 1908 లండన్ ఒలింపిక్స్‌లో నిర్వాహకులు ఓ చిత్రమైన ఏర్పాటు చేశారు. ఈటెను ఎక్కడైనా పట్టుకుని విసరవచ్చనే పోటీ ఒకటి, నడిమి తాడు చుట్ట దగ్గరే పట్టుకోవాలనే పోటీ మరొకటి. లెమ్మింగ్ రెండూ గెలిచాడు. స్వేచ్ఛగా విసిరినదాని కంటే నియమానికి కట్టుబడి విసిరినదే అర మీటరు లోపు తేడాతో ఎక్కువ దూరం వెళ్ళింది. 1912లో సొంత దేశపు స్టాక్‌హోమ్‌లో 60.64 మీటర్లతో మళ్ళీ ఒలింపిక్ విజేత అయ్యాడు. ఆ ఏడాది సెప్టెంబరులో 62.32 మీటర్లు విసిరాడు. అంతకు రెండు నెలల ముందే పుట్టిన అంతర్జాతీయ అథ్లెటిక్ సమాఖ్య గుర్తించిన మొట్టమొదటి జావెలిన్ ప్రపంచ రికార్డు అదే. 1899 నుంచి 1912 దాకా పదమూడేళ్ళు, 49.32 నుంచి 62.32 దాకా పదమూడు మీటర్లు. 1930 జూన్ 5న, యాభై ఏళ్ళ వయసులో, పుట్టిన ఊళ్ళోనే కన్నుమూశాడు.

ఇన్ని సంగతులు సెంటీమీటర్లతో సహా మనం ఈనాడు చెప్పుకోగలుగుతున్నామంటే, అది లెమ్మింగ్ గొప్పతనం ఒక్కటే కాదు. ఈటె బరువు 800 గ్రాములని, చేయి తాడు చుట్ట మీదే ఉండాలని, మొన ముందు నేలకు తాకాలని ఒక్కొక్కటే ఎవరో కూర్చుని రాశారు. నియమం రాసిపెట్టబట్టే అతను ఏం చేశాడో తర్వాతివాళ్ళకి అర్థమైంది. ఫిన్లాండ్ కుర్రవాడు యోన్నీ మ్యూరా 1919లో 66.10 మీటర్లు విసిరి లెమ్మింగ్‌ను దాటగలిగాడు. గురువు చచ్చిపోయినా గురువు లెక్క బతికి ఉంటే శిష్యుడికి ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో తెలుస్తుంది. మన సాము విషయంలో జరగనిది సరిగ్గా ఇదే.

ఇప్పుడు కోనసీమకు వద్దాం. కె.గంగవరం మండలం జిల్లా పటంలో కోనసీమదే, 2022లో కొత్త జిల్లా ఏర్పడినప్పుడు అందులో చేరింది. కానీ గౌతమికి ఇవతలి ఒడ్డున, ద్రాక్షారామం వైపు ఉంటుంది. ఈ మండలంలోని కోటిపల్లి రేవులో పంటు ఎక్కి అవతలి ఒడ్డున ముక్తేశ్వరంలో దిగితే, అక్కడి నుంచి అమలాపురం దారి. దసరా రోజుల్లో ఆ పట్నంలో కొంకాపల్లి, మహిపాల వీధి, రవణం వీధి, గండు వీధి, నల్లా వీధి లాంటి చోట్ల నుంచి ఊరేగింపు వాహనాలు బయలుదేరతాయి. ఒక్కో వీధికి ఒక్కో వాహనం, దాని ముందు ఆ వీధి సాము జట్టు. డప్పుల మోతలో పదేళ్ళ పిల్లవాడి నుంచి నెరిసిన మీసాల పెద్దాయన దాకా వరుసగా దిగి కర్ర తిప్పుతారు, బల్లెం ఆడిస్తారు, పట్టాకత్తులు, లేడికొమ్ములు పడతారు, అగ్గిబరాటాలు తిప్పుతారు. చివర్లో జనం ఊపిరి బిగబట్టి చూసే ఘట్టం: కళ్ళకు గంతలు కట్టుకున్న సామువాడు, నేల మీద పడుకున్న మనిషి ఒంటి మీద పెట్టిన కొబ్బరికాయనో కూరగాయనో కత్తితో నరుకుతాడు. పంతొమ్మిదో శతాబ్దంలో అబ్బిరెడ్డి రామదాసు అనే ఆయన ఈ శిక్షణకు అమలాపురంలో అంకురార్పణ చేశారని, తెల్లవాళ్ళ మీద పోరాటానికి కుర్రకారును సిద్ధం చేయడమే ఆయన ఉద్దేశమని ఊళ్ళో చెప్పుకుంటారు.

ఆ చివరి ఘట్టానికి వచ్చే చప్పట్లలో అసలు విద్య మరుగున పడిపోతోందని నాకు అనిపిస్తుంది. అసలు విద్య కర్రలో ఉంది. చూసేవాడికి కర్ర గిరగిరా తిరగడం కనిపిస్తుంది, తిప్పేవాడికి అందులో నాలుగైదు వేర్వేరు పనులు ఉంటాయి. కర్రను చివర పట్టుకోరు, చివరి నుంచి కాస్త లోపలికి జరిపి పట్టుకుంటారు. అలా వెనక మిగిలిన ముక్క ముందున్న పొడవుకు బరువు సర్దుతుంది, అవసరమైతే దగ్గరికి వచ్చినవాణ్ణి పొడవడానికీ పనికొస్తుంది. పట్టు బిగిస్తే తిప్పలేం, వదులు చేస్తే కర్ర ఎగిరిపోతుంది. అందుకని బొటనవేలు, చూపుడువేలు గట్టిగా, మిగతా మూడు వేళ్ళు తెరుస్తూ మూస్తూ ఉండాలి. తిప్పే బలం భుజం నుంచి కాదు, మణికట్టు నుంచి రావాలి. భుజంతో తిప్పేవాడు కాసేపటికే అలిసిపోతాడు, పైగా అతని దెబ్బ ఎటు నుంచి వస్తుందో ఎదుటివాడికి ముందే తెలిసిపోతుంది. కర్ర కుడి పక్క ఒక చుట్టు, ఎడమ పక్క ఒక చుట్టు తిరిగే మధ్యలో తల మీద నుంచి దాటుతుంది, ఆ దాటే క్షణంలోనే చేయి మారుతుంది. కుడిచేతి వాటం వాడైనా సరే ఎడమ చేత్తో అంతే శుభ్రంగా తిప్పకపోతే సగం విద్యే వచ్చినట్టు లెక్క.

చేతుల సంగతి ఇలా ఉంటే కాళ్ళ సంగతి ఇంకా లోతైనది. కొత్తగా నేర్చుకునే పిల్లవాడి కళ్ళు కర్ర మీదే ఉంటాయి, నేర్పేవాడి కళ్ళు మాత్రం పిల్లవాడి పాదాల మీద ఉంటాయి. మడమ నేలకు ఆనిస్తే ఒళ్ళు తిరగదు. ముందరి పాదం మీద బరువు ఉంచి, మోకాలు కొంచెం వంచి, ఒక అడుగు వేస్తే ఒక చుట్టు పూర్తి కావాలి. అడుగుకీ చుట్టుకీ పొత్తు కుదిరితే నాలుగు దిక్కులకీ ఒకే కర్ర కాపలా కాస్తుంది, కుదరకపోతే తిప్పేవాడి వీపు ఎప్పుడూ ఖాళీగానే ఉంటుంది. జోడీగా ఆడేటప్పుడు ఇంకో లెక్క వచ్చి చేరుతుంది: ఎదుటివాడి కర్ర చివర తన ఒంటికి ఎంత దూరంలో ఆగుతుందో చూపుతోనే కొలవడం. ఈ దూరం తెలియనివాడు ధైర్యంతో దూరినా దెబ్బ తింటాడు, భయంతో జరిగినా దెబ్బ తింటాడు. తెలిసినవాడు అరడుగు వెనక్కి వేసి కర్రను తన ముందు నుంచి పోనిచ్చి, అది మళ్ళీ తిరిగి వచ్చేలోగా లోపలికి వెళతాడు. బల్లెం, పట్టాకత్తి, లేడికొమ్ములు అన్నీ ఈ అడుగు మీదే నిలబడతాయి. పనిముట్టు మారితే పొడవు మారుతుంది, బరువు మారుతుంది, అడుగు మాత్రం మారదు.

ఇప్పుడు జావెలిన్ విసిరేవాణ్ణి దగ్గరగా చూద్దాం. ఈటె అరచేతిలో ఏటవాలుగా ఉంటుంది, బొటనవేలూ చూపుడువేలో నడిమి వేలో తాడు చుట్ట వెనక అంచుకు ఆనుకుంటాయి. పరుగు మొదట్లో సూటిగా ఉంటుంది. చివరి కొన్ని అడుగుల్లో ఈటె వెనక్కి వెళ్ళి, ఒళ్ళు పక్కకు తిరిగి, కాలు మీదుగా కాలు దాటే నడకగా మారుతుంది. ఆఖరి అడుగులో కుడిచేతి వాటం వాడి ఎడమకాలు మోకాలు వంగకుండా నేలలో పాతినట్టు నిలబడిపోతుంది. జోరుగా వస్తున్న ఎడ్లబండి చక్రం రాయికి తగిలి ఆగితే పైనున్న కొబ్బరికాయ ముందుకు ఎగిరిపడ్డట్టు, కింద ఆగిన పరుగు బలమంతా నడుముకీ, నడుము నుంచి భుజానికీ, మోచేతికీ, మణికట్టుకీ పాకి ఈటెలోకి వెళుతుంది. ఈనాటి అగ్రశ్రేణి ఆటగాడి చేతి నుంచి ఈటె గంటకు వంద కిలోమీటర్లకు అటూ ఇటూ వేగంతో బయటపడుతుంది. చూసేవాళ్ళు చేతిని చూస్తారు, శిక్షకుడు ఆ ఎడమకాలిని చూస్తాడు. అంటే ఎంత దూరం విసిరాడన్నది ఎంత బాగా ఆగాడన్నదాని మీద ఆధారపడి ఉంది.

ఈ ఆగడం దగ్గరే ఈటె విసిరేవాడూ మన సామువాడూ ఒకే బడి పిల్లలవుతారు, అక్కడే విడిపోతారు కూడా. విసిరేవాడు కాలితో ఆగి ఆయుధాన్ని విడిచిపెడతాడు. సామువాడు ఆయుధాన్నే ఆపుతాడు. ఒంటి మీద పెట్టిన కూరగాయ తెగి, కింద ఉన్న చర్మానికి గీటు కూడా పడకూడదంటే, దిగుతున్న కత్తిని సరిగ్గా అక్కడ నిలిపే కండ వేరే ఉండాలి. కత్తిని కిందికి దింపే కండరాలు ఒక పక్క, దాన్ని వెనక్కి లాగే కండరాలు ఇంకో పక్క, రెండూ ఒకే క్షణంలో పని చేయాలి. దూరం పెంచడానికి బలం చాలావరకు సరిపోతుంది, దూరం కాపాడటానికి బలంతో పాటు దాన్ని అణచిపెట్టే సాధన కావాలి. జావెలిన్‌ను టేపుతో కొలుస్తాం. సామును కొలవాలంటే తగలకుండా మిగిలిన ఆ కాస్త ఎడాన్ని కొలవాలి. ఆ కొలత లేదు గనక విద్యే లేదనుకోవడం మన పొరపాటు. కత్తి కింద ప్రాణంతో ఉన్న మనిషి పడుకుని ఉండటం కంటే కఠినమైన పరీక్ష ఏ మైదానంలోనూ లేదు.

లెమ్మింగ్ కాలానికే మన వైపున మరో మహాబలుడు ఉన్నాడు. వీరఘట్టంలో 1882లో పుట్టిన కోడి రామ్మూర్తి నాయుడు. విజయనగరంలో పెరిగి, మద్రాసు సైదాపేటలో వ్యాయామ శిక్షణ పొంది, విజయనగరంలో వ్యాయామోపాధ్యాయుడిగా పని చేసి, తర్వాత సర్కస్ పెట్టి దేశమంతా తిరిగాడు. ఇనుప గొలుసులు తెంచడం, రెండు కార్లను కదలకుండా పట్టి ఆపడం, గుండెల మీద ఏనుగును నడిపించుకోవడం, ఇవీ ఆయన ప్రదర్శనలు. కలియుగ భీముడు అన్నారు, ఇండియన్ హెర్క్యులస్ అన్నారు. 1942లో మరణించాడు. శ్రీకాకుళంలో స్టేడియానికి ఆయన పేరు పెట్టుకున్నాం. అయితే ఈనాటి తెలుగు పిల్లవాడికి రామ్మూర్తి గురించి తెలిసేది ఏనుగు, గొలుసు, కారు. రోజుకు ఏ వేళ ఏ సాధన చేశాడు, దండేలు బస్కీలు ఏ క్రమంలో పెంచుకుంటూ పోయాడు, శ్వాసను ఎలా బిగించాడు అన్నవి పిల్లల పాఠంగా మన బళ్ళలో లేవు. అబ్బురం మిగిలింది, క్రమం వాడుకలోకి రాలేదు. లెమ్మింగ్ విసురుని అందుకుని మ్యూరా ముందుకు పోయినట్టు, రామ్మూర్తి మెట్టు మీది నుంచి పైకెక్కిన తెలుగువాణ్ణి చెప్పమంటే తడుముకోవాలి. మన దగ్గర మహానుభావులకు లోటు లేదు, వాళ్ళ తర్వాత ఏం చేయాలన్న దగ్గరే ఆగిపోతున్నాం. తాలింఖానాకు కూడా అదే గతి పట్టకూడదన్నదే నా ఆరాటం.

దీనికి అడ్డు చెప్పేవాళ్ళున్నారు, వాళ్ళ మాటల్లో కొన్ని బరువైనవే. తాలింఖానా చరిత్రకు ఆధారాలేవని చరిత్రకారులు అడుగుతారు. మొదలైన సంవత్సరం చెప్పేవాళ్ళను బట్టి మారుతుంది, స్వాతంత్ర్య పోరాటంతో ఉన్న బంధం నోటి మాట మీద నడుస్తోంది. ఒప్పుకుంటాను. కానీ విద్య విలువ పుట్టిన తేదీని పట్టుకుని వేలాడదు. ప్రాచీన గ్రీకులు ఈటెకు తోలు పట్టీ చుట్టి, దాన్లో వేలు దూర్చి విసిరేవారు. వాళ్ళలో ఎవరు ఎంత దూరం విసిరారో మనకు చేరలేదు. పట్టీ ఎలా చుట్టాలో, వేలు ఎక్కడ పెట్టాలో మాత్రం వాళ్ళ మట్టి కుండల మీది బొమ్మలు చెబుతున్నాయి, వాటిని చూసి ఈ కాలపువాళ్ళు ఆ విసురును మళ్ళీ చేసి చూశారు. పేర్లూ తేదీలూ కన్నా పట్టు బొమ్మ గట్టిది. అమలాపురం సాముకు పుట్టినరోజు నిర్ణయించే పని చరిత్రకారులు నిదానంగా చేసుకోవచ్చు. నేర్పే గురువు చేతిలో ఈవేళ ఉన్న పట్టును గీసిపెట్టడం మాత్రం నిదానంగా చేసుకునే పని కాదు.

రెండో అభ్యంతరం నన్ను ఎక్కువ ఆలోచనలో పడేసింది. రాయడం మొదలుపెడితే నియమం వస్తుంది, నియమం వస్తే పాయింట్లు వస్తాయి, పాయింట్లు వస్తే విద్య చస్తుంది అంటారు. ఈ వాదానికి జావెలిన్ చరిత్రలోనే సాక్ష్యం ఉంది, దాచడం న్యాయం కాదు. 1912 స్టాక్‌హోమ్‌లో రెండు చేతుల జావెలిన్ అనే పోటీ పెట్టారు. కుడిచేత్తో విసిరిందీ ఎడమచేత్తో విసిరిందీ కలిపి లెక్క. ఫిన్లాండ్‌కు చెందిన యూలియుస్ సారిస్తో రెండూ కలిపి 109.42 మీటర్లు విసిరి గెలిచాడు, మూడు పతకాలూ ఫిన్లాండ్‌కే పోయాయి. లెమ్మింగ్ ఆ పోటీలో నాలుగోవాడు. ఆ తర్వాత ఒలింపిక్స్ ఆ పోటీని తీసేసింది, జావెలిన్ మైదానంలో ఎడమచేతి సాధనకు విలువ పోయింది. ఇంకోటి 1956 నాటిది. స్పెయిన్‌లోని బాస్క్ ప్రాంతంలో ఇనుప కడ్డీని గుండ్రంగా తిరిగి విసిరే పల్లెటూరి ఆట ఉంది. ఆ ఆట నేర్చిన ఫెలిక్స్ ఎరౌస్కిన్, యాభైకి దగ్గర పడిన వయసులో, అదే తిరుగుడును జావెలిన్‌కు తెచ్చి పెట్టాడు. దూరాలు అమాంతం పెరిగాయి. ఈటె ఎటు పోతుందో తెలియని పరిస్థితి వచ్చేసరికి అంతర్జాతీయ సమాఖ్య ఆ పద్ధతినే నిషేధించింది. ఒక ఊరి విద్య పెద్ద మైదానపు గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి వచ్చింది. చివరికి ఈటెనే మార్చిన సందర్భం కూడా ఉంది: 1984లో తూర్పు జర్మనీ ఆటగాడు ఊవె హోన్ 104.80 మీటర్లు విసిరాక, స్టేడియం చాలదని భయపడి, 1986 నుంచి పురుషుల ఈటె బరువు కేంద్రాన్ని ముందుకు జరిపారు.

కాబట్టి నియమం విద్యలో కొంత తుంచేస్తుందన్నది నిజం. సాముకు రేపు పాయింట్లు పెడితే మొదట పోయేది రెండు చేతుల వాటమే కావచ్చు, త్వరగా తాకినవాడికి మార్కులిస్తే తాకకుండా ఆపే నేర్పే పోవచ్చు. కానీ దీని నుంచి తేలేది రాయవద్దని కాదు, పోటీ నియమం కంటే ముందు విద్యను విద్యగా రాయాలని. రెండు చేతుల జావెలిన్ ఒలింపిక్స్ నుంచి పోయినా, సారిస్తో ఏ చేత్తో ఎంత విసిరాడో మనకు తెలుసు. ఎరౌస్కిన్ తిరుగుడు నిషేధమైనా, అది ఎలా చేశాడో తెలుసు. రాసిపెట్టింది నిషేధాన్ని కూడా తట్టుకుంటుంది. నోటి మీదా చేతి మీదా మాత్రమే నడిచే విద్యకు నిషేధం కూడా అక్కర్లేదు, ఒక తరం కుర్రాళ్ళు హైదరాబాదుకో గల్ఫ్‌కో ఉద్యోగాలకు వెళ్ళిపోతే చాలు.

ఇతర రాష్ట్రాలు ఈ పని మనకంటే ముందే మొదలుపెట్టాయి. కేరళలో కళరిపయట్టు ఇరవయ్యో శతాబ్దం మొదట్లో దాదాపు అడుగంటిన స్థితిలో ఉంటే, కోట్టక్కల్ కణారన్ గురుక్కల్ చుట్టుపక్కల పద్ధతులను సేకరించి నేర్పాడు, ఆయన శిష్యుడు సి.వి. నారాయణన్ నాయర్ దాన్ని వేదికల మీదికి తెచ్చి జనానికి చూపించాడు. పేర్లతో, వరుసలతో సహా విద్య ఒక క్రమానికి వచ్చింది. కాబట్టే 2022లో పంచకులలో జరిగిన ఖేలో ఇండియా యువజన క్రీడల్లో పంజాబు గత్కా, మణిపూర్ తాంగ్‌తాతో పాటు కళరిపయట్టు కూడా పోటీగా నిలబడగలిగింది. 2024 జనవరిలో తమిళనాడు ఆతిథ్యమిచ్చినప్పుడు సిలంబాన్ని ప్రదర్శన క్రీడగా పెట్టుకుంది. సిలంబం కూడా కర్రే, మన కర్రసాముకు దగ్గర బంధువే. మనకు అమలాపురం ఉంది, ఉత్తరాంధ్ర గరిడీలు ఉన్నాయి. లేనిదల్లా వాటిని వరుసపెట్టి చెప్పే ఒక్క పుస్తకం, ఒక్క పాఠ్యక్రమం.

వీధి సాము పంతాలకు దారి తీస్తుందని, ఆయుధాలతో ఊరేగింపు పోలీసులకు తలనొప్పి అని మరికొందరు అంటారు. వీధికీ వీధికీ పంతం లేకపోతే ఇంతకాలం ఈ విద్య నిలిచేదే కాదు. అయినా పంతం హద్దు దాటే ప్రమాదం ఉందన్న మాటను కొట్టిపారేయను. ఆ హద్దును కాపాడేది కూడా శిక్షణే. కర్ర దూరం తెలిసినవాడు దెబ్బకు తొందరపడడు. గంతలు కట్టుకుని మనిషి మీద నరికే ఘట్టం విషయంలో మాత్రం నా అభిప్రాయం వేరు. నేర్పుకు అది గొప్ప రుజువే, కానీ దాన్ని పిల్లల పాఠంలోకి తేకూడదు. పిల్లలకు కర్ర, అడుగు, జోడీ ఆట చాలు. కత్తి ఎప్పుడు, ఎవరి చేతికి ఇవ్వాలన్నది కూడా విద్యలో భాగంగా రాసుకోవాలి. అమ్మాయిల మాట కూడా ఇక్కడే చెప్పాలి. మహిళలకు జావెలిన్ ఒలింపిక్స్‌లోకి 1932లో గానీ రాలేదు, పురుషులు మొదలుపెట్టిన పాతికేళ్ళకు. ఆ ఆలస్యానికి ఆటలో కారణం ఏదీ లేదు, పెట్టినవాళ్ళ మనసుల్లోనే ఉంది. మణికట్టు, అడుగు, చూపు మీద నడిచే కర్రకు ఆడపిల్ల అడ్డం కాదు. కోనసీమ హైస్కూళ్ళలో కర్ర పట్టించే రోజు వస్తే మొదటి వరుసలో అమ్మాయిలు ఉండాలి.

ఇక అందరూ అడిగే ప్రశ్న, దీని వల్ల కూడు వస్తుందా అని. నీరజ్ చోప్రా 2021 ఆగస్టు 7న టోక్యోలో 87.58 మీటర్లు విసిరి స్వర్ణం తెచ్చాక, పల్లెల్లో పిల్లలకు జావెలిన్ ఒక దారిగా కనబడింది. 2024 పారిస్‌లో పాకిస్తాన్ రైతు ప్రాంతం నుంచి వచ్చిన అర్షద్ నదీమ్ 92.97తో గెలిస్తే, నీరజ్ 89.45తో రజతం తెచ్చాడు. అలాంటప్పుడు పిల్లవాడికి జావెలిన్ ఇవ్వాలి గానీ కర్ర ఎందుకు? రెండూ ఇవ్వవచ్చని నా జవాబు. కర్రసాము నేర్చినవాడు జావెలిన్ వీరుడైపోతాడని నేను చెప్పను, అలా రుజువైన సంగతి కాదు. పైగా ఒకటి విడిచే విద్య, ఒకటి విడవని విద్య. కానీ జావెలిన్‌కు విశాలమైన మైదానం, శిక్షకుడు, బూట్లు, ఈటెలు, పక్కన ఎవరూ లేకుండా చూసుకునే జాగ్రత్త అన్నీ కావాలి. కె.గంగవరం చుట్టుపక్కల ఊళ్ళో ఒక వెదురు కర్ర, ఎండిన కళ్ళం, సాయంత్రం ఒక గంట ఉంటే సాముకు చాలు. పతకాల దారిలో వెళ్ళేవాళ్ళు వందలో ఒకరు, మిగతా తొంభై తొమ్మిది మందికీ ఒళ్ళు ఉంది, ఆ ఒంటికీ ఒక విద్య కావాలి. ఉద్యోగం రాని ప్రతి విద్యనూ పనికిరాదని తీసేస్తే మన దగ్గర కూచిపూడి ఉండేది కాదు, హరికథ ఉండేది కాదు.

రాయడమంటే పెద్ద గ్రంథం అక్కర్లేదు. సాము నేర్పే పెద్దలు ఏ అడుగుకు ఏ పేరు వాడుతున్నారో ఆ పేరే రాయాలి, సంస్కృతం చేసి కొత్త పేర్లు తగిలించకూడదు. కర్ర ఎంత పొడవు, ఏ వెదురు, ఎప్పుడు కోస్తారు, నూనె ఎన్నాళ్ళు పట్టిస్తారు, ఇవీ రాయాలి. ఒక్కో తిప్పును ఎదురు నుంచి ఒకసారి, పక్క నుంచి ఒకసారి, పాదాలు మాత్రమే కనబడేలా ఇంకోసారి వీడియో తీయాలి. ఊరేగింపులో తీసిన వీడియోలు వేలల్లో ఉంటాయి, వాటిలో కనబడేది జనం, పొగ, డప్పు. నిదానంగా, ఒక్కొక్క అడుగూ ఆపి ఆపి చూపించేవి కావాలి. పొరపాటు ఎలా జరుగుతుందో, దాన్ని గురువు ఎలా దిద్దుతాడో అది కూడా తీయాలి, ఎందుకంటే నేర్చుకునేవాడికి ఎక్కువ ఉపయోగపడేది అదే. కర్రసాము వచ్చిన వ్యాయామోపాధ్యాయులు, తెలుగు మాస్టార్లు, అమలాపురం, రామచంద్రపురం కాలేజీల విద్యార్థులు కలిసి కూర్చుంటే ఇది ఒక వేసవి సెలవుల పని. ప్రభుత్వం పూనుకుంటే మంచిదే, పూనుకోలేదని ఆగవలసిన అవసరం లేదు.

కోనసీమ పాఠకులకు నా మనవి ఇదే. మీ వీధిలో, మీ బంధువుల్లో సాము నేర్పే పెద్దవారు ఉంటే, వచ్చే దసరాకు వాహనం కట్టే హడావుడి మొదలయ్యేలోగా ఒక నోటుబుక్కు పట్టుకుని ఆయన దగ్గర కూర్చోండి. మొదటి పేజీలో పట్టు బొమ్మ గీయండి, రెండో పేజీలో మొదటి అడుగు. పైన ఆయన పేరు, ఆయన గురువు పేరు, తేదీ వేయండి. ఒక ప్రతి మీ ఊరి గ్రంథాలయానికి, ఒక ప్రతి మీ మండలం హైస్కూలుకు ఇవ్వండి.